రాలిన బత్తాయిలు

మా నాయిన డానియల్‌ను చంపేలా ఉన్నాడని నాకు ఫోన్ చేసి చెప్పింది మా అమ్మే.

"జల్ది రాయే త్రివేణీ! గొర్లన్ని కిందపడి కాళ్లు కొట్టుకుంటున్నయ్. కుంటల మందు కలిపిండని డానియల్‌ను కరెంటు కంబానికి కట్టిన్రు. మీ నాయిన చేతుల గొడ్డలున్నది. ఆపబోతే నన్ను అవతలికి నూకిండు" అంది. వెనక గొర్రెల అరుపులు, మనుషుల అరుపులు కలిసిపోయి వినిపిస్తున్నాయి. నేనప్పుడు నల్గొండలో ల్యాబ్‌లో ఉన్నాను. చేతిలోని సీసా బల్ల మీద పెట్టానో కింద పడేశానో కూడా గుర్తులేదు, స్కూటీ తాళం తీసుకుని పరుగెత్తాను.

మా ఊరు తుమ్మలకుంట నల్గొండకు దగ్గరే. దారి పొడుగునా నాయినను తిడుతూనే ఉన్నాను. నాకు ఆస్తిగా వచ్చింది ఆయన కోపమే. మేమిద్దరం ఒకచోట కూర్చుంటే అమ్మ వంట ఆపి మరీ చూస్తుంది, ఎవరు ముందు లేస్తారోనని. కోపం ఉంటే ఉండనీ, నోటితో తిట్టు, గిన్నె విసిరికొట్టు. మనిషి మీదికి గొడ్డలి ఎత్తడమేమిటి! అదీ డానియల్ మీద!

డానియల్ బడిలో నాతో పాటు చదివినవాడు. వాళ్లమ్మ ఈదమ్మ కూలికి పోయి చదివించింది. ఐటీఐ అయ్యాక మా కుంట దగ్గరి ఫిల్టర్ ట్యాంకుకు ఆపరేటర్‌గా చేరాడు. ఆ ట్యాంకు మా పరిశోధన కోసం పెట్టినదే. ఊరి మురుగంతా బత్తాయి తోటల పక్కగా పారి వచ్చి కుంటలో కలుస్తుంది. సబ్బు నీళ్లు, పేడ, పెంట అన్నీ అందులోనే. వాటిలో ఉండే ఫాస్ఫేట్ కుంటలో చేరితే పాచికి ఎరువు వేసినట్టే. అందుకని కుంటలో కలిసే ముందు ఆ నీళ్లను ట్యాంకులోని గుళికల మీదుగా పంపుతాం. ఇనుము, లాంథనం అనే మరో లోహం, ఈ రెంటి నానో రేణువులను రొయ్య పెంకుల నుంచి తీసిన పదార్థంలో కలిపి చేసిన గోధుమరంగు పూసలవి. ఫాస్ఫేట్ వాటికి అంటుకుని ఆగిపోతుంది. రెండేళ్లుగా కుంట తేటగా ఉందంటే వాటి పుణ్యమే, వాటిని కంటికి రెప్పలా చూసుకున్న డానియల్ పుణ్యమే.

ఈ గొడవకు రెండు రోజుల ముందు డానియల్ ఫోన్ చేశాడు. "మేడం గారూ, మీ గుళికలకు ఏదో రోగమొచ్చింది. ట్యాంకులకెళ్లి నీళ్లు చాయ్ లెక్క వస్తున్నయ్. కుంటేమో ఆకుపచ్చగ పెయింటు వోసినట్టయింది" అన్నాడు. చిన్నప్పటి నుంచీ నన్ను ఏడిపించడానికే మేడం అంటాడు. సీసాలో నీళ్లు పట్టి పంపమన్నాను, గొర్రెలను కుంట దగ్గరికి రానీయొద్దని గట్టిగా చెప్పాను. ఆ పాచిలో ఒక రకం విషాన్ని కక్కుతుంది, పశువు తాగితే బతకదు. డానియల్ వెంటనే రేవుకు అడ్డంగా తుమ్మకంప కొట్టాడు.

మా నాయిన ఐలేశం దాన్ని పీకి పారేశాడు. "తాతల కాలంనాటి మా రేవుకు గూడెం పోరడు కంప కొడుతడా?" అని ఊరంతా వినేలా అరిచాడట. నేను ఫోన్‌లో మొత్తుకున్నాను, నీళ్లు తాగనీయకు నాయినా అని. "నీ సదువు నీ కాడ పెట్టుకో" అని పెట్టేశాడు.

ఆ రోజు పొద్దున నేను పరీక్షిస్తున్నది డానియల్ పంపిన సీసాలే. ట్యాంకులోకి వచ్చే నీళ్లలోకన్నా, ట్యాంకు నుంచి పోయే నీళ్లలోనే ఫాస్ఫేట్ ఎక్కువ ఉంది. పైగా అందులో ఇనుము! పట్టుకోవాల్సినవి పట్టుకోకపోగా, ఇన్నాళ్లూ పట్టుకున్నది కూడా వదిలేస్తున్నాయన్నమాట. గుళికలకు అలా అయ్యే దారి నాకు ఒక్కటే తెలుసు. ల్యాబ్‌లో నేనే రకరకాల ఆమ్లాలు కలిపి చూశాను. చింతపండు పులుపులోని టార్టారిక్ ఆమ్లం కొంత దెబ్బ తీస్తుంది. నిమ్మ, బత్తాయి పులుపులోని సిట్రిక్ ఆమ్లమైతే సర్వనాశనం చేస్తుంది. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టు, ఫాస్ఫేట్ కూర్చోవాల్సిన చోట అది ముందే కూర్చుంటుంది. కూర్చున్నదాన్ని లేపుతుంది. చివరికి గుళికలోని ఇనుమును కూడా పీకి నీళ్లలో కలిపేస్తుంది. కానీ మా ఊరి మురుగులోకి అంత పులుపు ఎక్కడి నుంచి వస్తుంది? సరిగ్గా అదే ఆలోచిస్తుండగా అమ్మ ఫోన్ వచ్చింది.

కుంట దగ్గర స్కూటీ ఆపలేదు, పడేశాను.

ముందు గొర్రెలు కనిపించాయి. రేవు పొడుగునా పడి ఉన్నాయి. కొన్ని అప్పటికే బిగుసుకుపోయాయి. కొన్నింటి కాళ్లు ఇంకా గాలిలో పరుగెత్తుతున్నాయి. మూతుల నిండా ఆకుపచ్చ నురగ. ఒక తల్లి గొర్రె లేవబోయి మోకాళ్ల మీద పడుతోంది, మళ్లీ లేస్తోంది, మళ్లీ పడుతోంది. దాని పిల్ల పొదుగులో మూతి పెట్టి కుమ్ముతోంది. నేను ఆ మంద మధ్యలో పెరిగినదాన్ని.

తర్వాత డానియల్ కనిపించాడు. చేతులు వెనక్కి విరిచి కంబానికి కట్టేశారు. చొక్కా లేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ చేతి వేళ్లు నలిగి మాంసం ముద్దలా ఉన్నాయి, రాయితో కొట్టినట్టున్నారు. మా చిన్నాయిన గోపాల్ అతని జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. నాయిన చేతిలో వెదురు బొంగు ఉంది. రోగమొచ్చిన గొర్రెలకు కషాయం తాపే బొంగు అది. కుంటలో ముంచి, ఆ పచ్చటి నీళ్లను బొంగుతో డానియల్ గొంతులోకి దింపుతున్నాడు. గొడ్డలి నాయిన చంకలోనే ఉంది. మా వాళ్లంతా చుట్టూ కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తాగురా! మందు కలుపలే అంటివి కదా, తాగు! నా మంద తాగినట్టు తాగు!" అంటున్నాడు నాయిన. డానియల్‌కు పొరబోయింది. దగ్గుతుంటే నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. నాయిన ఆగలేదు, ఇంకో బొంగు ముంచాడు.

నేను వెళ్లి గోపాల్ చిన్నాయిన చేతిని కరిచాను. మామూలుగా కాదు, నోట్లోకి రక్తం ఉప్పగా వచ్చేదాకా. ఆయన కేక పెట్టి జుట్టు వదిలేశాడు. బొంగును గుంజి మోకాలికేసి విరిచాను. "మీకేమన్నా దయ్యం పట్టిందా? మనుషులేనా మీరు?" అని అరిచాను.

"నడువ్ అవతలికి!" అన్నాడు నాయిన. "వాని రూముల సంచి దొరికింది. దాని మీద పుర్రె బొమ్మున్నది."

"అది కాస్టిక్ సోడా! గుళికలు కడిగే సోడా! నేనే తెచ్చిచ్చిన!"

"మరి కంప ఎందుకు కొట్టిండు? నీళ్లల్ల ఇసమున్నదని వానికి ముందుగాల ఎట్ల తెలిసింది? కలిపినోనికి గాక ఎవనికి తెలుస్తది?"

చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాగొద్దని అడ్డం పెట్టినవాడే విషం పెట్టినవాడట! అడ్డం తీసినవాడేమో న్యాయం అడుగుతున్నాడట! "కంప పీకిందెవలు? నువ్వు! గొర్లను సంపింది నువ్వే నాయినా!" అన్నాను.

నాయిన గొడ్డలి కామ తిప్పి నా నోటి మీద కొట్టాడు.

కింద పడ్డాను. పై పెదవి చీలింది, పన్ను ఒకటి కదిలింది. నాయిన నన్ను తిట్టడమే తప్ప అంతవరకు చెయ్యి చేసుకోలేదు. చుట్టూ ఉన్న గోల ఒక్కసారిగా తగ్గింది. అమ్మ దూరంగా గుండెలు బాదుకుంటోంది. కంబం దగ్గర డానియల్ భళ్లున కక్కుకున్నాడు, పచ్చగా. ఇంకో రెండు దెబ్బలు పడితే, ఇంకో రెండు బొంగులు దిగితే ఇక అతను లేడని నాకు అర్థమైంది. నోటితో చెబితే వీళ్లు వినరు. కళ్లకు చూపించాలి.

లేచి ట్యాంకు వైపు పరుగెత్తాను. కాలువ ట్యాంకులో పడేచోట చెత్త ఆగడానికి ఇనుప జాలీ ఉంటుంది. దగ్గరికి పోకముందే వాసన తగిలింది. మురుగు కంపులో పులిసిన పండ్ల వాసన. జాలీ అవతల కాలువ నిండా బత్తాయిలు! కుళ్లినవి, పగిలినవి, తొక్కలు ఊడి గుజ్జుగా నానుతున్నవి. కాలువ వెంట పైకి చూస్తే తోట గట్టు దాకా అవే. రెండు చేతులా ఎత్తుకుని వెనక్కి పరుగెత్తి వచ్చి నాయిన కాళ్ల ముందు పడేశాను.

"ఇవి కాలువల ఎవలు వోసిన్రు?" అన్నాను. మాటతో పాటు రక్తం పడుతోంది. "వీటి పులుపు గుళికలను తినేసింది. గుళికలు వాటిల ఉన్నదంత కుంటలకు వదిలినయ్. పాచి పెరిగింది. గొర్లు తాగింది ఆ పాచినే. మందు లేదు, మాకు లేదు! చెప్పుర్రి, ఎవలు వోసిన్రు?"

కర్రలు పట్టుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అప్పుడు వెలిగింది. ఈ కాలంలో మావాళ్లు బత్తాయి తోటల్లో రాత్రిళ్లు మంద కడతారు. చెట్ల కింద గొర్రెలు పడుకుంటే తోటకు ఎరువు, మావాళ్లకు గింజలు. ఈ ఏడు అదనుగాని కాలంలో వచ్చే కత్తెర కాపుకు ధర లేక రైతులు కాయ తెంపనే లేదు, రాలింది రాలినట్టే వదిలేశారు. రాలిన బత్తాయిలు గొర్రెలు ఆశగా తింటాయి. ఎక్కువ తింటే కడుపుబ్బి చస్తాయి. అందుకే మంద తోలే ముందు కిందున్న కాయలన్నీ ఏరి పారేస్తారు.

"చిన్నాయినా, నువ్వు చెప్పు" అన్నాను.

గోపాల్ చిన్నాయిన కరిచిన చేతిని పట్టుకుని నేల చూశాడు. "గొర్లు తింటయని... కడుపుబ్బుద్దని... మనమే కాలువల వోస్తున్నం. రోజు గంపలు గంపలు" అన్నాడు.

"ఎవలు పొయ్యమన్నరు?"

ఆయన నాయిన వైపు చూశాడు. నాయిన ఎవరి వైపూ చూడలేదు. కాళ్ల ముందున్న బత్తాయిలను చూస్తూ ఉండిపోయాడు. చంకలోని గొడ్డలి జారి కింద పడింది, దాన్ని తీసుకోలేదు.

అంతే, మావాళ్లంతా ఒక్కొక్కరే మెల్లగా జారుకున్నారు. అప్పటిదాకా సింహాల్లా గర్జించినవాళ్లకు అందరికీ ఒకేసారి ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. థూ! నేను కట్లు విప్పాను. డానియల్ నా భుజం మీదికి ఒరిగాడు, ఒళ్లు సలసల కాగుతోంది. గొర్రెలను అంగడికి తోలే ట్రాలీ ఆటోలో పడుకోబెట్టాం. గోపాల్ చిన్నాయిన బండి నడిపాడు. నాయిన పిలవకుండానే వచ్చి ఒక మూల కూర్చున్నాడు. డానియల్ పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతుంటే బండి గోడ పట్టుకుని చూస్తున్నాడు.

దవాఖానలో స్ట్రెచర్ లోపలికి పోగానే నర్సు నన్ను పక్కకు లాక్కెళ్లి పెదవికి దూది పెట్టింది. కాసేపే. తిరిగి వచ్చేసరికి గోపాల్ చిన్నాయిన డాక్టరమ్మకు కథ చెప్పేశాడు. పురుగుల మందు తాగి, బండి మీద వస్తూ పడ్డాడట. మా దగ్గర పురుగుల మందు కేసులకు లోటు లేదు, ఆమె నమ్మింది. వెంటనే దానికి విరుగుడుగా ఇచ్చే సూది మందు మొదలుపెట్టించింది. లోపల డానియల్ గుండె కొట్టుకుంటున్న వేగానికి మిషను కీచుకీచుమంటోంది.

నేను తలుపు వైపు అడుగు వేయగానే చిన్నాయిన మణికట్టు పట్టుకున్నాడు.

"నోరు తెరువకు బిడ్డా. అట్రాసిటీ కేసు పడుతది, బెయిలు గూడ దొరకది. మీ నాయిన ఈ వయసుల జైలుకు పోతడు. మంద పాయె, మనిషి గూడ పోతే మీ అమ్మ ఏం కావాలె? డాక్టర్లు సూసుకుంటరు తియ్యి."

"వాళ్లు పురుగుల మందుకు సూదులిస్తున్నరు చిన్నాయినా! అది కానిదానికి ఇస్తే వానికి గుండె ఆగుతది!"

"నసీబుల ఉంటే బతుకుతడు" అన్నాడు.

నా మరో చెయ్యి ఖాళీగా ఉంది. కట్టు కట్టని ఆయన గాయం మీద గోళ్లు దించాను. ఆయన పట్టు వదలగానే లోపలికి దూసుకుపోయాను.

"డాక్టరమ్మా, ఆ మందు ఆపండి. ఆయన పురుగుల మందు తాగలేదు. కుంటలో విషపు పాచి ఉంది, ఆ నీళ్లు పోయాయి కడుపులోకి. కాలేయాన్ని కొడుతుంది. నేను ఆ నీళ్ల మీదే పరిశోధన చేస్తున్నాను. మా గొర్రెలన్నీ దానితోనే చచ్చాయి."

ఆమె నా పెదవిని, డానియల్ చేతి వేళ్లను, మళ్లీ నన్ను చూసింది. "నాకూ అనుమానంగానే ఉంది. కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి, మందు వాసన లేదు" అంది. నర్సుకు సూది ఆపమని సైగ చేసింది. "ఎంత తాగాడు? తెలిసి ఎందుకు తాగాడు?"

"తాగలేదు. తాపారు."

"ఎవరు?"

తలుపు దగ్గర నాయిన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని మంద వెంట తిప్పినవాడు. నా చదువు కోసం పొట్టేళ్లు అమ్మినవాడు. లోపల మంచం మీద డానియల్ మూలుగుతున్నాడు.

"మా నాయిన" అన్నాను. వేలెత్తి చూపించాను కూడా.

నాయిన చెయ్యి లేచింది. రెండంగల్లో నా మీదికి వచ్చాడు. నర్సు కెవ్వుమంది. నేను కదలలేదు.

"కొట్టు నాయినా" అన్నాను. "మల్ల కొట్టు. కొట్టినంక డాక్టరమ్మకు చెప్పు, ఎన్ని నీళ్లు తాపినవో. నేను వచ్చేసరికే తాపుతున్నవు, నాకు తెల్వది. నీకే తెలుసు. అది తెలిస్తేనే వాడు బతుకుతడు."

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. డాక్టరమ్మ నెమ్మదిగా, "పెద్దాయనా, చెప్పండి. టైం లేదు" అంది.

"లెక్క పెట్టలే అమ్మా" అన్నాడు నాయిన. "వాడు ఊపిరి కోసం నోరు తెరిసినప్పుడల్లా తాపిన. మొదట వొద్దు కాకా అన్నడు. తర్వాత అననీకి గూడ సందియ్యలే. బొంగు గింత ఉంటది." మోచేతి దాకా చూపించాడు. "పొద్దు ఎక్కకముందు మొదలువెట్టిన. నా బిడ్డ వచ్చేదాక తాపిన. వేళ్లు గూడ నేనే నలగ్గొట్టిన. రాసుకో."

ఆ తర్వాత గోడ పక్కన కింద కూర్చున్నాడు. పోలీసులు వచ్చి లేపేదాకా అక్కడే ఉన్నాడు. చిన్నాయిన ఎప్పుడో వెళ్లిపోయాడు.

డానియల్‌ను ఆ సాయంత్రమే హైదరాబాద్ పంపారు. వారాల తరబడి కళ్లు, ఒళ్లు పసుపు పచ్చగా ఉండిపోయాయి. బతకడని రెండుసార్లు చెప్పారు. బతికాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు తీసేశారు. ఈదమ్మ రాత్రింబవళ్లు ఐసీయూ బయట నేల మీదే పడుకుంది. నేను తెచ్చిన అన్నం డబ్బా ఆమె ముట్టలేదు, నా మొహం చూడలేదు. ఆమెను నేనేమీ అనలేను. మా ఊళ్లో మాత్రం నన్ను అననివారు లేరు, కన్నతండ్రిని పట్టించిన బిడ్డనట.

డానియల్‌ను వార్డులోకి మార్చాక చూడటానికి వెళ్లాను. మంచం పక్కన కుర్చీ ఉంది కానీ కూర్చోలేదు. అతను సీలింగ్ వైపే చూస్తున్నాడు. ఒక కంటికి ఇంకా కట్టు ఉంది.

"కేసు వాపస్ తీసుకొమ్మని అడుగనీకె వచ్చినవా త్రివేణీ?" అన్నాడు. మేడం అనలేదు.

"కాదు" అన్నాను. "కోర్టుల సాక్ష్యం నేనే చెప్తున్న. మా నాయిన మీద. గోపాల్ చిన్నాయిన మీద గూడ. ఆ ముచ్చట నీకు చెప్పిపోదామని వచ్చిన."

అతను తల తిప్పి మొదటిసారి నా వైపు చూశాడు. నా పెదవి మీది కుట్ల మచ్చను చూశాడు.

"అయితే కూసో" అన్నాడు.